ఎనిమిదో రీలు

ఆ రోజు తను చేయించిన పని ఎవరైనా పసిగట్టారా అన్న అనుమానం తిరుమలను ఆరేళ్లుగా తొలుస్తూనే ఉంది. అప్పట్లో ఈ పరాయి దేశపు సైన్స్ పార్క్‌లో పనిచేసే తెలుగు ప్రోగ్రామర్లంతా కలిసి ఒక పాత థియేటరులో తెలుగు సినిమా ఆట బుక్ చేశారు. రెండింటికల్లా హాలు ఖాళీ చేయాలి. ఆలస్యమవుతోందని ఎనిమిదో రీలు వేయొద్దని ఆపరేటరుకు చెప్పింది తనే. ప్రతి శనివారం వేంకటేశ్వరుడి ముందు ఒప్పుకున్నాడు గాని, మనుషుల ముందు నోరు విప్పలేదు.

ఓ రోజు జురాంగ్ ఈస్ట్ రైలు స్టేషన్లో, ఆనాటి ఆటకు వచ్చిన షిప్‌యార్డు కూలీ భద్రయ్య ఎదురుపడ్డాడు.

"సార్, మళ్ల సినిమా ఎప్పుడేస్తరు? ఈసారి నిద్రపోను."

"అప్పుడు నిద్రపోయారా?"

"పోయిన గద! అన్నదమ్ములు కొట్లాడుకున్నరు. కండ్లు తెరిచేసరికి ఒక్క కంచంల తింటున్నరు. నెలకొక్క సెలవు, అది గూడ నిద్రపాలు జేస్కుంటి. మా ఇంటామె ఇప్పటికీ నవ్వుతది."

తిరుమల తల దించుకున్నాడు. "మీరు నిద్రపోలేదు భద్రయ్యా. మధ్యలో ఒక రీలు నేనే ఆపించాను."

"ఆరేండ్ల సంది నన్ను నేనె తిట్టుకుంటున్న గద సార్! అయితె అండ్ల ఏమైంది?"

రైలు వచ్చింది, వెళ్లిపోయింది. తిరుమల అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి ఆ రీలు కథంతా చెప్పాడు.

"పాట లేదా?"

"ఉంది."

"మరి పాడుండ్రి."

భజనలు తప్ప ఎరగని తిరుమల, జనం చూస్తుండగా ఆ పాట చివరిదాకా పాడాడు.