ఇది నయమా, అది నయమా

"మళ్లీ విప్పుతారా? విప్పండి. ఈసారి ఆ చెక్కముక్కల్ని నా మిషన్ మీద కాదు, నా నెత్తిమీద పేర్చండి," అంది తల్లి.

"నీకు చెప్పి లాభం లేదు. అడుగున ఎక్కడో గాలి లీకవుతోంది. పెట్టెలో గాలి పెట్టెలోనే ఉండాలి. లేకపోతే అది బాస్ కాదు, దగ్గు," అన్నాడు తండ్రి.

పొద్దున మొదలైన గొడవ భోజనాల దాకా వచ్చింది. కూతురు పళ్లెంలోంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఎవరో ఒకరు సాక్ష్యానికి పిలుస్తారు. తండ్రి సొంతంగా బాస్ స్పీకరు పెట్టె చేస్తానని వడ్రంగి దగ్గర రంపం అరువు తెచ్చుకున్నప్పుడు, వెనక గదిలో ఉండే తల్లి కుట్టుమిషన్ వంటింటి గుమ్మం పక్కకొచ్చింది. అప్పట్నుంచి ఆమె కుట్టే బట్టలకి ఉల్లిపాయ వాసన, ఇంట్లో అందరి జుట్టులో రంపప్పొడి. పెట్టెని ఇప్పటికే రెండుసార్లు విప్పి, రెండుసార్లు మళ్లీ బిగించాడు. ఇప్పుడది హాల్లో గోడవారగా నోరు తెరిచిన ఎలుగుబంటిలా కూర్చుని ఉంది.

"లీకవుతోందని నీకెలా తెలుసు నాన్నా? నాకేం వినబడట్లేదు."

"నీకెందుకు వినబడుతుంది? మీ ముగ్గురికీ దేవుడు చెవులిచ్చింది కమ్మలు పెట్టుకోడానికి."

"నాకవి కూడా లేవురా నాయనా," అంది బామ్మ. "అవి అమ్మేగా ఆ మోత డబ్బా కొన్నావు!"

"మోత డబ్బా కాదమ్మా, యాంప్లిఫయరు. వంద సార్లు చెప్పాను."

అతనికి కళ్లజోళ్ల కొట్టుంది. వచ్చినవాళ్ల కళ్ల ముందు ఒక అద్దం తీసి ఇంకో అద్దం వేస్తూ, "ఇది నయమా, అది నయమా?" అని అడుగుతాడు. తేల్చుకోలేక నీళ్లు నమిలేవాళ్లని గొర్రెల్ని చూసినట్టు చూస్తాడు. ఇంటికొచ్చాక కూడా ఆ చూపు మారదు.

తల్లి చెయ్యి కడుక్కుని వచ్చింది.

"అయితే పరీక్ష పెడదాం. మీరు కళ్లు మూసుకుని అటు తిరిగి కూర్చోండి. నేను దుప్పటి అడ్డం కట్టి పెట్టె వెనక కూర్చుంటా. పెట్టెకి వెళ్లే వైరు ఒకసారి తగిలిస్తా, ఒకసారి పీకేస్తా. చిన్న స్పీకర్లు ఎలాగూ మోగుతూనే ఉంటాయి. పెట్టె మోగుతోందో లేదో మీరు చెప్పాలి. అన్నీ సరిగ్గా చెబితే పెట్టెలో లోపం లేనట్టే. ఇంక విప్పడాల్లేవు, కొయ్యడాల్లేవు. నా గది నాకిచ్చెయ్యాలి."

"ఒక్కటి తప్పితే?"

"విప్పుకోండి. నేను మిషన్ అమ్మేసి కూర్చుంటా."

కూతురు పళ్లెంలోంచి తల ఎత్తింది. ఆ మిషన్ మీద చెయ్యి వేస్తేనే తల్లి ఊరుకోదు. అలాంటిది అమ్మేస్తానంటోంది!

తండ్రి నవ్వాడు. "ఒకవేళ తప్పితే ఆ తప్పు పెట్టెది. నా చెవులది కాదు. అది ముందే చెప్తున్నా. సౌండు మాత్రం చిన్నగా పెట్టు. పెద్దగా పెడితే మా అమ్మ కూడా చెప్పేస్తుంది. చెవి అంటూ ఉన్నవాడికి చిన్న సౌండులోనే తెలియాలి."

దుప్పటి కట్టారు. పాట మొదలైంది. దుప్పటి వెనకనుంచి తల్లి అచ్చం అతని కొట్లో గొంతుతో అడిగింది.

"ఇది నయమా, అది నయమా?"

బామ్మ పైట కొంగు నోట్లో కుక్కుకుంది.

"పెట్టె లేదు," అన్నాడు తండ్రి కళ్లు మూసుకునే. "వట్టి డొల్ల. రేకు డబ్బా మీద గోళ్లతో గీకినట్టుంది. ఇలాంటివి డబ్బులిచ్చి కొనుక్కునే వెధవలున్నారు చూడు, వాళ్లననాలి."

"సరే. ఇప్పుడు?"

"ఆహా! ఇదీ! గచ్చులోంచి ఎక్కి నేరుగా గుండెల్లోకొస్తోంది. ఇది కూడా తెలియకపోతే మనిషే కాదు."

కూతురు అరికాలు గచ్చుకి ఆనించింది. గచ్చు చల్లగా ఉంది, అంతే. తన చెవుల మీద తనకే చిరాకేసింది. నాన్న అనేది నిజమేనేమో, కమ్మలకే పనికొస్తాయేమో.

"ఇప్పుడు?"

"లేదు... ఉండుండు... ఉంది! ఉంది, ఉంది."

"సరే. ఇప్పుడు?"

"తీసేశావు. ప్రాణం పోయింది పాటకి."

తల్లి పాట ఆపి, దుప్పటి వెనకనుంచి బయటికొచ్చింది. మొహంలో ఏ భావమూ లేదు.

"అన్నీ సరిగ్గానే చెప్పారు. ఒక్కటీ తప్పలేదు."

తండ్రి లేచి ముగ్గురి వంకా వరసగా చూశాడు, గొర్రెల్ని చూసినట్టే. "లీకూ లేదు, గీకూ లేదు. నా చేతి పనిలో లోపమా! గది తీసుకో, ఏలుకో. ఆ పెట్టె జోలికి మాత్రం ఎవరూ వెళ్లకండి. మీ చేతులు పడితే ట్యూనింగ్ చెడుతుంది." రంపం భుజాన వేసుకున్నాడు. "ఇది వడ్రంగికిచ్చేసి, బాస్ అంటే ఏమిటో వాడికీ నాలుగు ముక్కలు చెప్పొస్తా."

గేటు మూసిన చప్పుడు వినబడేదాకా ఎవరూ కదల్లేదు. తల్లి దుప్పటి విప్పి మడత పెట్టింది.

"రేపట్నుంచి మిషన్ వెనక గదిలో ఉంటుంది," అంది మెల్లగా.

"అమ్మా, నాన్న గెలిస్తే గెలిచాడు గానీ, నాకు ఒక్కసారి కూడా తేడా తెలియలేదే! నిజంగానే నా చెవులు పాడయ్యాయా?"

"నాకూ తెలీలేదే తల్లీ," అంది బామ్మ దిగులుగా.

తల్లి ఇద్దర్నీ దగ్గరికి రమ్మని సైగ చేసి, గొంతు తగ్గించింది.

"వైరు మొదట్నుంచీ నా చేతిలోనే ఉంది. ఒక్కసారి కూడా తగిలించలేదు. ఇకమీదట మీరూ తగిలించకండి, ఆయనకి తేడా తెలిసిపోతుంది."