తలలు లెక్కపెట్టే మనిషి

ముసలాయన మళ్ళీ సగం గ్లాసు బీరే అడిగాడు.

పబ్బు నడిపే లొరైన్ కౌంటరు వెనక బీరు పంపు లాగి, పోసి, ఆయన ముందు ఠక్కున పెట్టింది.

రెండు వారాలుగా ఇదే తంతు. పన్నెండు కొట్టగానే వస్తాడు. నిప్పుగూడు పక్కన కూర్చుంటాడు. ఆ సగం గ్లాసునే సాయంత్రం దాకా చప్పరిస్తాడు. వెళ్ళేటప్పుడు ఖాళీ గ్లాసు తనే కౌంటరు మీదికి తెచ్చిపెడతాడు.

"ఆ సీటు ఆయన పేర రాసిచ్చెయ్ లొరైన్," అన్నాడు మాల్కం. అతను ఈ బెల్ పబ్బులో ఇరవై ఏళ్ళుగా ఒకే స్టూలు మీద కూర్చునే మనిషి. "బొగ్గు ఖర్చయినా గిడుతోందా?"

"నువ్వు ఒక్క గ్లాసుతో మ్యాచి మొత్తం చూసెయ్యవూ? నోర్మూసుకో."

అన్నదే గాని ఆమె మనసు గల్లాపెట్టె వెనక గుచ్చిన పన్ను ఆఫీసు ఉత్తరం మీదే ఉంది. ఈ కట్టడంలో ఎంత వ్యాపారం జరగగలదో ఎవరో ఎక్కడో కూర్చుని అంచనా కట్టారు. మేడ మీది పెళ్ళిళ్ళ హాలు కూడా కలిపారు. ఆ హాల్లో పెళ్ళి జరిగి ఆరేళ్ళయింది. ఇప్పుడక్కడ ఉన్నవి వాన కారే చోట పెట్టిన బకెట్లు. ఏప్రిల్ నుంచి పన్ను దాదాపు రెట్టింపు.

"జనం వచ్చినా రాకపోయినా గోడలకి పన్ను కట్టాలట," అంది. "గోడలు తాగుతాయా బీరు?"

"తాగితే బాగుండు. నలుగురు పెరిగేవాళ్ళు."

"నవ్వు, నవ్వు. వచ్చే నెల తాళం వేశాక ఎక్కడ కూర్చుని నవ్వుతావో చూస్తా."

ఊరికే అనలేదు. అప్పీలుకి నెలాఖరు దాకే గడువు. పన్ను తగ్గకపోతే తాళంచెవులు పబ్బు అద్దెకిచ్చిన బీరు కంపెనీ చేతిలో పెట్టి, మేడ మీద తనుంటున్న రెండు గదులూ ఖాళీ చెయ్యాల్సిందే.

అంతలో తలుపు తోసుకుని ఇద్దరు వచ్చారు.

ముసలాయన గడియారం వంక చూసి, చిన్న పుస్తకంలో రెండు గీతలు గీశాడు.

మాల్కం గొంతు తగ్గించాడు.

"లొరైన్, ఆయన తలలు లెక్కెడుతున్నాడు."

"ఏంటీ?"

"నిన్న మేడ మెట్లెక్కి హాలు తలుపు తీసి చూశాడు కూడా. నా కళ్ళారా చూశా. పన్ను ఆఫీసు మనిషే. అనుమానమే లేదు."

లొరైన్‌కి ఒళ్ళు మండింది. మొన్న పంపు చప్పుడు విని, "పీపా అడుగంటింది తల్లీ, మార్చుకో," అన్నాడు. చూస్తే నిజమే. అంటే పీపాలు కూడా లెక్కపెడుతున్నాడన్నమాట!

కౌంటరు చివరి మడత చెక్క ఎత్తి బయటికి వచ్చింది.

"ఆ పుస్తకం ఇటివ్వండి."

"ఇస్తాను తల్లీ. ఇంకొక్క వారం. పూర్తి కానివ్వు..."

"పూర్తయ్యేదాకా ఆగాలా? నా నిప్పు దగ్గర చలి కాచుకుంటూ నాకే గొయ్యి తవ్వుతున్నారా?"

"నా మాట విను. నేను..."

"ఎవరి మాటా వినను. ఇవాళ్టి నుంచి బెల్ గడప తొక్కొద్దు మీరు!"

పబ్బు నడిపే మనిషి నలుగురి ముందూ ఆ మాట అన్నాక ఇక దానికి అప్పీలు లేదు.

పుస్తకం లాక్కుంది. నిప్పుల్లో పడేసింది.

ముసలాయన పేజీలు ముడుచుకుపోవడం చూస్తూ నిలబడ్డాడు. తర్వాత కోటు తొడుక్కున్నాడు. బీరు ఇంకా మిగిలే ఉంది. అయినా గ్లాసు తెచ్చి కౌంటరు మీద పెట్టాడు. బల్ల మీది తడి మరక తన రుమాలుతో తుడిచి మరీ వెళ్ళాడు.

"శభాష్!" అని మాల్కం చప్పట్లు కొట్టాడు.

నెలాఖరుకి ముందురోజు లొరైన్ అప్పీలు కాగితం ముందేసుకుని పన్ను ఆఫీసుకి ఫోన్ చేసింది. అరగంట సంగీతం వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"అంచనా తప్పంటున్నారు. ఆధారం ఏముంది మేడమ్?"

"ఒకసారి వచ్చి చూడండి. ఖాళీ కుర్చీలే ఆధారం!"

"అలా కుదరదండీ. ఏ పూట ఎంతమంది వచ్చారు, ఏ గది వాడటం లేదు, ఇదంతా వరసగా మూడు వారాలు రాసి పెట్టింది ఉందా? మీరు కాకుండా బయటివాళ్ళు రాసిందయితే మరీ మంచిది."

లొరైన్ అప్పీలు కాగితం బోర్లించింది.

"మేడమ్? రేపటితో గడువండీ."

ఫోన్ పెట్టేసింది. నిప్పుగూటి వైపు చూడలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే పీపాల లారీ వచ్చింది. డ్రైవరు గ్యారీ పీపాని నేలమాళిగలోకి దొర్లిస్తూ అడిగాడు.

"నార్మన్ పని అయిపోయిందా?"

"ఏ నార్మన్?"

"సగం గ్లాసు నార్మన్. అంతకు మించితే డాక్టరు ఊరుకోడులే. నీకోసమేగా ఇక్కడ కూర్చుని లెక్కపెడుతోంది!"

"నాకోసమా?" అంది లొరైన్. "నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"ముందే చెప్తే పబ్బు బోసిగా కనపడకూడదని రోషానికి పోయి ఊరందర్నీ పిలిచి కూర్చోబెడతావట. మీ పబ్బులవాళ్ళ బుద్ధే అంత అన్నాడు. మూడు వారాలయ్యాక చేతిలో పెడతానన్నాడు."

"అసలెవరు గ్యారీ ఆయన?"

"తెలీదూ?" గ్యారీ పీపా మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. "కొండవతల షటిల్ పబ్బు ముప్ఫై ఏళ్ళు నడిపింది ఆయనే, రాసిపెట్టిన లెక్క లేక ఏడాదిన్నర ఆఫీసుల చుట్టూ తిరిగితే, పన్ను తగ్గించామన్న ఉత్తరం పబ్బు మూసేసి తలుపులకి చెక్కలు కొట్టిన పదకొండో రోజున వచ్చింది."