కాపలా కోటు

"ఆగు. ఎవరక్కడ?"

"నేనే నాన్నా, లిదియాని. ఇంటికి రా."

"దగ్గరికి రావద్దు. కాపలావాడితో మాట్లాడకూడదు."

లిదియా ఉన్నచోటే ఆగిపోయింది. మైనస్ ముప్పై చలి. ఎనభై దాటిన సవేలీ, మూతబడ్డ మిలిటరీ గిడ్డంగి గేటు ముందు నిటారుగా నిలబడి ఉన్నాడు. దాని కప్పు కూలి ఏళ్లయింది. లోపల కాకులు తప్ప కాపలా కాయాల్సిన సరుకేమీ లేదు. ఆయన ఒంటి మీద దూది జాకెట్టు, దాని మీద మడమలదాకా వేలాడే గొర్రెతోలు కోటు. గిడ్డంగి నడిచిన రోజుల్లో ఆయనా, తోటి కాపలావాళ్లూ వేసుకున్నది. తుపాకీ ఉండాల్సిన భుజం మీద మంచు తోసే పార ఉంది.

పోయిన నెలే సరస్సు మీద మంచు విరిగి నీళ్లలో పడ్డాడు ఈయన. నిమోనియా చేసి, చావు తప్పి మంచం దిగాడు. ఇంకోసారి చలి తగిలితే ఊపిరితిత్తులు తట్టుకోవని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఇప్పుడు మతి కూడా తప్పిందంటే ఎవరితో చెప్పుకోవాలో లిదియాకి తోచలేదు.

అంతలో సరస్సు వైపు నుంచి పక్కింటి గెన్నాదీ చేపల బండి లాక్కుంటూ వచ్చాడు. రెండు స్వెట్టర్లు, వాటి మీద వానాకాలపు జాకెట్టు, పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. సవేలీని నీళ్లలోంచి లాగింది ఇతనే. అడ్డమని విప్పి పారేసిన అతని చలికోటు ఆ రోజే మంచు కిందికి పోయింది. పోనీ మేలు చేశానన్న ధీమా అయినా ఉందా అంటే అదీ లేదు. లిదియా పంపిన జామ్ సీసాని గుమ్మంలోంచే వెనక్కి పంపేశాడు. "మునిగేవాణ్ణి లాగినందుకు కూలి పుచ్చుకుంటారా ఎవరైనా?" అన్నాడట.

"గెన్నాదీ, నువ్వయినా చెప్పు. నా మొహం కూడా గుర్తుపట్టట్లేదు," అంది లిదియా.

గెన్నాదీ నవ్వు మొహం పెట్టాడు. "సవేలీ బాబాయ్, ఏంటి కాపలా? కాకులు పారిపోతాయనా?"

"దారిన పో, కామ్రేడ్."

"లిదియా క్యాబేజీ సూప్ కాచింది. చల్లారిపోతోంది."

"డ్యూటీలో తిండి లేదు. సిగరెట్టు లేదు. కూర్చోడం లేదు."

"పోనీ చెరో రెక్కా పట్టుకుని ఎత్తుకుపోదాం," అంది లిదియా మెల్లగా.

"ముట్టుకుంటే పార దిగుతుంది," అన్నాడు ముసలాయన. చెవులు మాత్రం బాగానే పనిచేస్తున్నాయి.

గెన్నాదీ తల గోక్కున్నాడు. కుర్రతనంలో అతనూ సైన్యంలో చేసినవాడే. "బతిమాలితే దిగడమ్మా. తన తర్వాతివాడు వస్తేనే కాపలావాడు దిగేది." బండి తాడు వదిలేసి, మడమలు కలిపి నిలబడ్డాడు. "నీ తర్వాత డ్యూటీ నాది. దిగు, బాబాయ్."

"పోస్టు దగ్గర బాబాయేంటి? సరిగ్గా చెప్పు."

"సైనికుడు గెన్నాదీ. డ్యూటీకి హాజరు."

ముసలాయన కిందనుంచి మీదదాకా చూశాడు. "కోటేది?"

"లేదు."

"కోటు లేనివాణ్ణి పోస్టు ఎక్కిస్తే పెద్దలు నా తోలు వలుస్తారు. ఇదిగో, తొడుక్కో. ఇది నాదీ కాదు, నీదీ కాదు. పోస్టుది. దిగినవాడు విప్పుతాడు, ఎక్కినవాడు తొడుక్కుంటాడు."

గెన్నాదీ వెనక్కి తగ్గాడు. "వద్దు. నేనిలాగే నిలబడతా."

"అయితే నేనూ ఇలాగే నిలబడతా." పార ఈ భుజం నుంచి ఆ భుజానికి మారింది.

లిదియా గెన్నాదీ చెయ్యి పట్టుకుంది. "నీకు దణ్ణం పెడతా. ఆయన పెదాలు చూడు, నల్లబడుతున్నాయి. వేసుకో."

ఇంకేం చేస్తాడు? వేసుకున్నాడు. లోపలి బొచ్చులో ముసలాయన ఒంటివేడి ఇంకా ఉంది. నెల రోజులుగా ఎరగని ఆ వెచ్చదనానికి గెన్నాదీ కళ్లు వాటంతటవే మూతపడ్డాయి.

"పోస్టు అప్పగించాను," అన్నాడు సవేలీ.

"పోస్టు అందుకున్నాను," అన్నాడు గెన్నాదీ.

ముసలాయన పార అతని చేతికిచ్చి, బుద్ధిగా ఇంటిదారి పట్టాడు. లిదియాకి ఏడుపు ఆగలేదు. "మా నాన్నని రెండోసారి దక్కించావు గెన్నాదీ. నీ రుణం ఈ జన్మలో తీరదు."

"ఆ మాటలు తర్వాత. ముందు ఆయన్ని పొయ్యి పక్కన కూర్చోబెట్టు."

ఇంట్లో లిదియా తండ్రి బూట్లు లాగి, పాదాలు రుద్ది, వేడి టీ చేతికిచ్చింది. గుండె చిక్కబట్టుకుని అడిగింది. "నాన్నా, నేనెవర్ని?"

"లిదియావి. టీలో పంచదార వేయడం మర్చిపోయినదానివి."

సవేలీ అప్పటికే కిటికీ అద్దం మీది మంచు గోటితో గీకి బయటికి చూస్తున్నాడు.

"భుజాల దగ్గర సరిగ్గా సరిపోయింది," అన్నాడు తృప్తిగా. "కొత్త కోటు కొనిస్తే నా మొహాన కొట్టాడు వెధవ. నాకు ప్రాణం పోసినవాడు చలికి కొంకర్లు పోతుంటే, నేనిక్కడ వెచ్చగా కూర్చుని ఎలా టీ తాగేది?"

లిదియా కూడా చూసింది. కోటు విప్పి చేతుల మీద వేసుకుని గెన్నాదీ తమ గుమ్మంవైపే వస్తున్నాడు.

"తిరిగిచ్చేయడానికి వస్తున్నాడు నాన్నా."

"పుచ్చుకోకు. పోస్టు కోటు మనకిచ్చే హక్కు వాడికి లేదు. తన తర్వాత డ్యూటీ ఎక్కేవాడికే ఇవ్వాలి. ఆ సంగతి వాడికీ తెలుసు."

తలుపు మీద చప్పుడైంది. లిదియా కళ్లు తుడుచుకుని లేచింది.

"మరి ఆ ఎక్కేవాడు ఎవరని అడిగితే?"

సవేలీ టీ ఊదుకున్నాడు.

"వాడింకా పుట్టలేదని చెప్పు."