చిరునామా తెలిసిన మబ్బు

సమింతెన్ ఆఖరి తడిక మీద అప్పడాలు పరిచి నడుం నిలబెట్టిందో లేదో, కాలువ వైపు నుంచి మబ్బు లేచింది.

"వచ్చావూ? రా, నీకోసమే పరిచాను," అంది దానికేసి చూసి.

సోమవారం ఇంతే. మంగళవారం ఇంతే. ఇవాళ బుధవారం. పన్నెండు కొట్టేసరికి ఎక్కణ్ణుంచో ఊడిపడుతుంది, అప్పడాలన్నీ నానేదాకా కురుస్తుంది, పోతుంది.

తంబాక్ లెరెన్ సెమరాంగ్ నగరం అంచున, చేపల చెరువుల మధ్య నలభై గడపల వాడ. ఇంటింటా రొయ్యల అప్పడాలే బతుకుతెరువు. బాగా ఎండని అప్పడం నూనెలో పొంగదు, రాయిలా అడుక్కి పోతుంది. ఒక్క రాత్రి తడిగా ఉంటే బూజు పట్టేస్తుంది.

ఇంకెప్పుడైనా అయితే నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేది. ఇప్పుడలా కాదు. నగరంలో మూడు హోటళ్ళున్న రెత్నోవతి గారింట కూతురి పెళ్ళి. "శుక్రవారం సాయంత్రానికి రెండు వేల అప్పడాలు తెచ్చివ్వు. చుట్టాలకి నచ్చితే మూడు హోటళ్ళకీ ఇక నువ్వే సరుకు వేద్దువుగాని," అందావిడ. అదే జరిగితే సమింతెన్ ఇక జన్మలో దళారీ గుమ్మం తొక్కక్కర్లేదు. జరగకపోతే చెప్పుల ఫ్యాక్టరీలో అట్టపెట్టెలు మడతపెట్టే పని, అదీ నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఎవరైనా ఇస్తే.

వాన మొదలైంది. పక్కింటి యాతెమి పరుగున వచ్చి తడికలు లాగడానికి ఓ చెయ్యి వేసింది. మన వాడని పోస్టుమాను కూడా ఏనాడూ కనుక్కోలేకపోయాడు, ఈ మబ్బుకి మాత్రం ఇంటి నంబరుతో సహా తెలిసిపోయిందక్కా అని నవ్వింది. సమింతెన్‌కి నవ్వు రాలేదు.

తడికలు లాగాల్సిన మొగుడు ఇంటిపట్టున ఉంటేగా! జుమాది రేవులో మూటలు మోసేవాడు. సోమవారం నుంచి అది మానేసి, నగరంలో ఎవరింటనో పెళ్ళిపందిరి చూసుకునే పనికి కుదిరాడు. ఎవరిల్లయ్యా అంటే గొణుగుతాడు. పందిట్లో పనేమిటయ్యా అంటే పందిరి చూసుకోవడమే అంటాడు. తెల్లవారుతూనే పోతాడు, సాయంత్రం పొడిబట్టలతో దిగుతాడు. అదే సమింతెన్‌కి ఒళ్ళు మండించేది. ఇక్కడ తను తడిసి ముద్దవుతుంటే ఆయనగారి చొక్కా మీద చుక్క నీరుండదు. చొక్కా మీదేమిటి, ఒంటి మీదా ఉండదు. సోమవారం నుంచి స్నానం కూడా మానేశాడు. పక్కన కూచుంటే ఉప్పుచేపల గంప పక్కన కూచున్నట్టే.

పైగా ఉపవాసమట. రంజాన్ వెళ్ళి నాలుగు నెలలైంది, ఇప్పుడేం ఉపవాసం అని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. పెళ్ళివారిచ్చిన భోజనం డబ్బా మూత కూడా తియ్యకుండా తెచ్చి పెళ్ళాం చేతిలో పెడతాడు.

ఆ డబ్బాలో కోడికూర తింటూ కూడా సమింతెన్ తిట్లు ఆపలేదు. ఇల్లు కూడా తన మీద కక్షగట్టింది. ఊడుద్దామంటే ఈనెల చీపురు లేదు. పచ్చడి నూరుదామంటే పండుమిరపకాయల బుట్ట బోసిగా ఉంది. ఉల్లిపాయలు సగానికి సగం మాయం. ఎలకలనుకుందామంటే, ఎలకలు చీపుళ్ళు మోసుకుపోతాయా?

"రేపొక్క రోజు పని మానెయ్యి. మబ్బు రాగానే తడికలు లాగడానికి ఇంకో రెండు చేతులుంటే సగమన్నా దక్కుతాయి," అంది ఆ సాయంత్రం.

జుమాది మూలనున్న తడి అప్పడాల గుట్టకేసి చూసి తల దించుకున్నాడు. "శనివారం దాకా అక్కణ్ణుంచి కదలకూడదు, సమీ. మాటిచ్చేశాను. ఈ పని గట్టెక్కితే నీకు అప్పడాలు ఆరబెట్టే మిషను కొనిపెడతా. ఇక ఎండతో పనే ఉండదు నీకు."

"శనివారానికి ఎండతోనే కాదు, నీతో కూడా పనుండదు నాకు."

గురువారం పన్నెండింటికి మళ్ళీ మబ్బు. మళ్ళీ వాన. రెండు వేలలో గట్టిపడినవి మూడొందలు. మిగతావి పిండిముద్దలు. సమింతెన్ కోపం పట్టలేక ఒక తడికని కాలితో తన్నింది. తర్వాత తనే వంగి, ఏడుస్తూ, ఒక్కొక్కటీ ఏరుకుంది. ఏరడం అయ్యాక తడిబట్టలతోనే బస్సెక్కింది. పెళ్ళివారి కాళ్ళు పట్టుకునైనా ఒక పూట గడువు అడగాలి.

బస్సు కాలువ వంతెన దాటగానే వాన ఆగిపోయింది. పెళ్ళివారి వీధిలో అయితే దుమ్ము లేస్తోంది. నెత్తి మీంచి నీళ్ళు కారుతున్న మనిషిని చూసి గేటు దగ్గర పిల్లలు పకపకా నవ్వారు.

రెత్నోవతి గారు మంచినీళ్ళిచ్చి కూచోబెట్టింది, అంతా వింది. గడువు మాత్రం ఇవ్వనంది. రేపు సాయంత్రానికి సరుకు రాకపోతే బజారులో కొంటానంది.

"వాన వంక చెప్పకమ్మా. సోమవారం పందిరి వేశాం, ఇప్పటిదాకా మా వీధిలో చుక్క పడితే ఒట్టు." ఆవిడ గర్వంగా సర్దుకుని కూచుంది. "ఊరికే కాదులే. వాన ఆపే మనిషిని పెట్టుకున్నాం. వచ్చిన మబ్బునల్లా కాలువ అవతలికి తోలేస్తున్నాడు. అటు ఊళ్ళేం లేవుగా, అటే తోలమన్నాను."

ఊళ్ళేం లేవట! సమింతెన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగు రోజులుగా ఎవర్ని తిట్టాలో తెలియక మబ్బుని తిట్టిన తిట్లన్నీ ఒక మనిషి కోసం నాలుక చివరకొచ్చాయి. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడని అడిగింది. పందిరి వెనక అన్నారు. తడి లుంగీ బిగించి, విసవిసా అటు నడిచింది.

వానని కట్టెయ్యడానికి మట్టిలో తలకిందులుగా పాతిన ఆ చీపురు తనది, ఈనె ఈనెకీ గుచ్చిన పండుమిరపకాయలు, ఉల్లిపాయలు తనవి, దాని ముందు స్నానం, తిండి మానిన దీక్షలో బాసింపట్టు వేసుకుని మబ్బుల్ని కాలువ అవతలికి తోలుతున్న మొగుడూ తనవాడే.