వీపు మీది చేప

"ఎదురీదే చేపమ్మా, ఏరు నీకు ఎంతమ్మా..." తర్వాతి చరణం మర్చిపోయాను. కథ మాత్రం గుర్తుంది.

జపాను దేశంలో జలపాతం ఎక్కిన కోయి చేప డ్రాగన్ అవుతుందంటారు. అందుకే వెనకటికి మంటలార్పేవాళ్లు ధైర్యానికి ఆ చేపను వీపున పచ్చబొట్టు పొడిపించుకునేవారట.

అలాంటి ఒకాయన జలపాతం కింది మడుగులో స్నానానికి దిగాడు. జలపాతం ఎక్కాలని ఆశపడుతూ జంకుతున్న ఓ చిన్న కోయి ఆయన వీపు చూసి, "ఏం బొమ్మక్కా, ఎప్పటికి పైకి చేరతావు?" అని వెక్కిరించింది.

"ఎక్కడే పిల్లా! పచ్చబొట్టు సూదాయన నన్ను జలపాతం సగం దారిలో ఉన్నట్టే పొడిచాడు. నువ్వెందుకు ఎక్కవు?"

"పడిపోతే?"

ఆయన ఒడ్డెక్కి చొక్కా తొడుక్కుంటున్నాడు. గుడ్డ కప్పేలోపు వీపు మీది చేప అంది:

"ఈయనా నేనూ పడితే నిప్పుల్లో పడతాం. నువ్వు పడేది నీళ్లలోనే కదే, ఎక్కు!"