కుక్కలకు కుదిరితేనే

"కాళ్ళు! వెనక కాళ్ళు పట్టుకుని లాగండి! మెడ దగ్గర చెయ్యి పెట్టకండి!" కుక్కల ట్రైనర్ అరిచాడు.

పెళ్ళికొడుకు నల్లకుక్క వెనక కాళ్ళు దొరకబుచ్చుకున్నాడు. ట్రైనర్ ఎర్రకుక్కవి పట్టుకున్నాడు. ఇద్దరూ చెరోవైపు వెనక్కి నడిచారు. కుక్కలు విడిపోయాయి. నల్లదాని చెవి అంచు చిరిగి రక్తం కారుతోంది. ఈ ఆటస్థలంలో మూడు ఆదివారాల్లో ఇది మూడో యుద్ధం.

పెళ్ళికొడుకంటే కుర్రవాడేం కాదు. నలభై ఏడేళ్ళ మందుల షాపు యజమాని. నల్లది అతనిది. ఎర్రది లెక్కల టీచర్‌ది. ఆమెకు నలభై మూడు. టీచర్ వాళ్ళ అక్క కుదిర్చిన సంబంధం. వచ్చే శుక్రవారమే రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు. కుక్కలు రెండూ ఒకే ఇంట్లో సర్దుకుంటాయని ట్రైనర్ చెబితేనే పెళ్ళని టీచర్ షరతు పెట్టింది. అన్నీ కుదిరాయి, కుక్కలకే కుదరడం లేదు.

"అదేమిటండీ! ఇప్పటిదాకా పక్కపక్కన బుద్ధిగా నడిచాయి కదా!" పెళ్ళికొడుకు రొప్పుతూ అన్నాడు.

నడిచిన మాట నిజమే. మొదట ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి. తర్వాత ఇరవై అడుగుల దూరం, ఆపైన పది, ఆఖరికి నాలుగు. తాళ్ళు వదులుగానే ఉన్నాయి, తోకలు తాపీగా ఊగాయి. ఒకదాని వాసన ఒకటి చూసి ముఖాలు పక్కకు తిప్పుకున్నాయి కూడా. కుక్కల్లో అది మర్యాద. తీరా మనుషులు బెంచీ మీద కూర్చోగానే ఎర్రది కొయ్యబారిపోయింది, పళ్ళు చూపించింది, మీద పడింది. పోయిన వారమూ బెంచీ దగ్గరే. అంతకు ముందు వారమూ అక్కడే.

"సార్, అదిగో అక్కడ కుళాయి ఉంది. దాని చెవి కడిగి, రుమాలుతో ఒత్తి పట్టుకోండి. రక్తం ఆగాక రండి," అన్నాడు ట్రైనర్.

పెళ్ళికొడుకు నల్లదాన్ని తీసుకుని వెళ్ళాడు. ట్రైనర్ బెంచీ దగ్గరున్న టీచర్ వైపు తిరిగాడు. ఎర్రది మళ్ళీ బెంచీ మీది ఆమె సంచి పక్కకే చేరింది.

"అమ్మా, మీ సంచి ఒకసారి తెరుస్తారా?"

"ఎందుకండీ? పరీక్ష పేపర్లున్నాయి అందులో."

"మీ కుక్క ఇంకా దాని పక్కనుంచి కదలడం లేదు. పేపర్లకు ఏ కుక్కా అంత కాపలా కాయదు."

టీచర్ కాసేపు గింజుకుని, సంచి తెరిచింది. దిద్దిన పేపర్లకీ దిద్దని పేపర్లకీ మధ్య ఒక కవరు. దాన్నిండా ఎండు మాంసం ముక్కలు.

"మొదటి రోజే చెప్పాను కదమ్మా, తినేవేవీ తేవద్దని! తిండి దగ్గరే కొట్టుకుంటాయని!"

"చెప్పారు. చెప్పారు కాబట్టే తెచ్చాను."

ట్రైనర్ కవరు తీసుకెళ్ళి తన స్కూటర్ డిక్కీలో పడేసి వచ్చాడు.

"ఆయన మంచివారేనండీ," అంది టీచర్. "తాగరు, అరవరు. అక్కకు నచ్చారు, బావకు నచ్చారు, మా హెడ్మాస్టరుకు కూడా నచ్చారు. ఎందుకు వద్దే అని అక్క అడిగితే నా దగ్గర జవాబు లేదు. మనసొప్పడం లేదంటే, ఈ వయసులో నీకు మనసొకటా అంటుంది. అదే కుక్కలకు పడటం లేదంటే ఎవరూ నోరెత్తరు."

"బాగుందమ్మా. మధ్యలో ఆ మూగజీవికి చెవి తెగింది."

టీచర్ తల దించుకుంది. నిజంగానే సిగ్గుపడింది. గుర్రుమని ఊరుకుంటాయనుకుంది గానీ నెత్తురు దాకా వస్తుందనుకోలేదు.

"కుదరదని మీరే ఒక్క మాట చెప్పండి. మీరు చెబితే ఆయన వింటారు."

"నేను చెప్పను. ఏ తప్పూ చెయ్యని కుక్కల మీద చాడీలు చెప్పమంటే ఎలా? ఆయన రాగానే మీరు చెబుతారా సరే. లేదంటే ఉన్నదున్నట్టు నేనే చెప్పేస్తాను."

సంచి సంగతి అక్క చెవిన పడితే ఇక జన్మలో తలెత్తుకోలేనని టీచర్‌కు తెలుసు.

ఇంతలో పెళ్ళికొడుకు రానే వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది.

"మీరెవరూ ఏమీ చెప్పక్కర్లేదండీ! కుళాయి దగ్గర నాకే తట్టింది. కుక్క కోసం పెళ్ళి ఆపుకుంటామా? మా తమ్ముడికి ఊరి బయట గోడౌన్ ఉంది. ఫోన్ కూడా చేసేశాను. దీన్ని గేటు దగ్గర గొలుసుకు కట్టేస్తాడట. రెండు పూటలా ఏదో ఒకటి పడేస్తారు. ఇటు నుంచి ఇటే తీసుకెళ్ళి దింపేస్తాను."

"మీ దగ్గర ఎన్నేళ్ళ నుంచి ఉంది?" టీచర్ అడిగింది.

"ఆరేళ్ళు. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు తెచ్చాను." అతను నవ్వాడు. "నాలుగు రోజులు ఏడుస్తుంది. ఆ తర్వాత అదే మర్చిపోతుంది లెండి."

నల్లది అతని మోకాలికి తల ఆనించి నిలబడి ఉంది. టీచర్ దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

"నిజం చెప్పండి," అంది ట్రైనర్‌తో. "ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండగలవా?"

ట్రైనర్ ఆమె ముఖంలోకి చూశాడు. "నిక్షేపంలా ఉండగలవమ్మా. వేరు వేరు గదుల్లో తిండి పెట్టి, తినగానే గిన్నెలు తీసెయ్యాలి. ఓ నెల రోజులు కనిపెట్టుకుని ఉండాలి. అంతే."

"ఆ మాట ముందే చెప్పొచ్చు కదండీ!" పెళ్ళికొడుకు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "అయితే ఇంకేం, అడ్డు తొలగిపోయినట్టే!"

టీచర్ నల్లదాని తాడు కోసం చెయ్యి చాపింది. అతను మురిసిపోతూ ఇచ్చాడు.

"రెండూ మా ఇంట్లోనే ఉంటాయి," అంది టీచర్. "మీరు మాత్రం వేరే సంబంధం చూసుకోండి."