ఆరో నంబరు తోక

రిపోర్టు మూడోసారి వెనక్కి వచ్చింది.

ఆ ల్యాబు పెద్దావిడని అందరూ చాటుగా తోక మేడమ్ అంటారు. దానికి రెండు కారణాలు. ఒకటి, ఆవిడ చేయించే పరీక్ష. రక్తకణాల్ని గాజుపలక మీద జెల్లీలో పరిచి, పైపొర కరిగించి, కరెంటు పెడతారు. లోపలి డీఎన్‌ఏ చెక్కుచెదరకుండా ఉంటే మైక్రోస్కోపులో గుండ్రంగా, నిండు చందమామలా కనిపిస్తుంది. తెగి ఉంటే ఆ ముక్కలు బయటికి సాగి తోకచుక్కలా కనిపిస్తుంది. తోక ఎంత పొడుగైతే దెబ్బ అంత గట్టిది.

రెండో కారణం, ఏ రిపోర్టు ఇచ్చినా చివర ఓ కొత్త ప్రశ్నని తోకలా తగిలించి తిప్పి పంపడం.

ఇప్పుడు ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న శిష్యురాలి ప్రాణం మీదికి వచ్చింది. కార్లకి రంగు కొట్టేవాళ్ల రక్తాన్ని, ఆ పనితో సంబంధం లేనివాళ్ల రక్తంతో పోల్చి చూసింది ఆమె. నెలాఖరులోగా ఆ ఫలితాలు సైన్సు పత్రికకి పంపకపోతే ఫెలోషిప్పు ఆగిపోతుంది. మేడమ్ సంతకం లేనిదే రిపోర్టు గడప దాటదు.

మొదటిసారి, కణాల్ని ద్రావణంలో ఎంతసేపు ఉంచావు, ఎంత చల్లదనంలో ఉంచావు, ఎన్ని కణాలు చూశావు అని అడిగింది మేడమ్. శిష్యురాలు రాసిచ్చింది. రెండోసారి, రక్తం ఇచ్చినవాళ్లు ఆడా మగా, ఒక్కొక్కరి వయసెంత, వ్యాయామం చేస్తారా అంది. అదీ రాసిచ్చింది.

"మరి సిగరెట్ల సంగతేది?" అంది మూడోసారి.

"ఎవరికీ అలవాటు లేదు మేడమ్. రక్తం తీసుకున్న రోజే అడిగాను."

"అయితే ఈ ఆరో నంబరుకి అంత తోకేమిటి?"

శిష్యురాలు భయపడ్డదే అయింది. ఆరో నంబరు రంగుల పనితో సంబంధం లేని ఆరోగ్యవంతుల జట్టులోని మనిషి. ఆ జట్టుకి మనుషులు దొరక్క ఆమె నానా తంటాలూ పడుతుంటే, మేడమే జాలిపడి తమ వీధిలో అందరికీ చెప్పి నలుగురిని పంపింది. అందులో ఒకాయన ఈయన. యాభై ఎనిమిదేళ్లు. రోజూ నడక. తీరా చూస్తే రంగుల షెడ్డు వాళ్ల కంటే పొడుగు తోక!

"పోనీ, ఆ ఒక్కటీ తీసేద్దామా మేడమ్?"

"పెళ్లి ఫొటోలోంచి పడని చుట్టాన్ని కత్తిరించినట్టా? ఎక్కడో మన మొహం కూడా ఎరగని మనిషి మన రిపోర్టు చూసి ఇదే పరీక్ష మళ్లీ చేయాలి. మనం దాచిపెడితే వాడి పని గుడ్డెద్దు చేలో పడ్డట్టే."

"సిగరెట్ వల్లేనంటారా?"

"నేనెందుకంటాను? జ్వరం కావచ్చు. నువ్వే పలకని వెలుతురులో పెట్టి మర్చిపోయి ఉండవచ్చు. ఒక్క తోక చూసి ఎవర్నీ దోషి అనలేం. అందుకే మళ్లీ అడగమంటున్నాను. పేరు మాత్రం నాకు చెప్పకు. ఎవరి గుట్టు వాళ్లది. నాకు నంబరు చాలు."

శిష్యురాలు మెట్ల దగ్గరికి వెళ్లి ఆయనకి ఫోను చేసింది.

"ఏమ్మా, జబ్బేమైనా బయటపడిందా?"

"లేదండీ. ఒక్క చిన్న ప్రశ్న. సిగరెట్ తాగుతారా?"

అవతల దగ్గు. ఆ తర్వాత గుసగుస. "ఎవరు చెప్పారు?"

"మీ రక్తమేనండీ."

అంత గట్టిగా అనే హక్కు తనకి లేదని ఆమెకి తెలుసు. కానీ నెలాఖరు తరుముకొస్తోంది.

"దీని దుంపతెగ! సొంత రక్తమే చాడీలు చెబితే ఎలాగమ్మా?"

"మీ పేరు ఎక్కడా రాదండీ. నంబరు ఒక్కటే ఉంటుంది."

"ఒట్టు?"

"ఒట్టు."

"నాలుగమ్మా. పొద్దున రెండు, సాయంత్రం రెండు. ఇంట్లో మానేసి ఏడేళ్లైంది."

"ఇంట్లో మానేస్తే మరి ఎక్కడ?"

"నడకలో. లేకపోతే ఈ మోకాళ్లతో రోజూ నడిచేదెవడు!"

శిష్యురాలు నవ్వాపుకోలేక మెట్ల మీదే కూలబడింది. తేరుకున్నాక లోపలికి వెళ్లి, ఆరో నంబరుకి రోజుకి నాలుగు సిగరెట్ల అలవాటు ఉందని చేర్చింది. తోకకి కారణం అదేనని తేల్చి చెప్పలేమని కూడా కింద రాసింది.

మేడమ్ కళ్లజోడు సవరించుకుని ఆ ముక్కనీ, దాని పక్కనున్న వయసునీ, రోజూ నడక అన్న మాటనీ రెండుసార్లు చదివింది.

"నాలుగా?"

"అవును మేడమ్."

"రోజూనా?"

"రోజూనే."

"శభాష్. నిజం కక్కించడం నావల్ల అయ్యే పని కాదు. నువ్వు సాధించావు."

సంతకం పెట్టేసింది. ఈసారి ఏ ప్రశ్నా తగిలించలేదు. పైగా కూనిరాగం తీసింది. ఆవిడ నోట పాట వినడం ల్యాబులో ఎవరికైనా అదే మొదటిసారి.

రిపోర్టు ఆ పూటే పత్రికకి వెళ్లింది. ఫెలోషిప్పు గండం గట్టెక్కింది. పాపం ఆ పెద్దాయన పేరు మాత్రం ఎవరి ముందూ తన నోట రాలేదు కదా అని శిష్యురాలు తృప్తిగా ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రం తోక మేడమ్ ఇంటికి వెళ్లి, భుజాన సంచీ అయినా దించకుండా, బయటికి వెళ్లబోతున్న భర్తకి గుమ్మంలోనే అడ్డంగా నిలబడి, "ఏమండీ ఆరో నంబరుగారూ, అగ్గిపెట్టె మీరే ఇస్తారా, నన్ను వెతకమంటారా?" అంది.